అవ్వ పోసిన నూనె

నా చిన్నప్పుడు, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి పోయే బాట మీద ఉన్న మా ఊరిలో, చెవిలోకి నీళ్లు పోతే మళ్లీ నీళ్లు పోసి తీసేవారు. మోటబావిలో ఈత నేర్చుకునే పిల్లలందరికీ ఆ పద్ధతి తెలుసు. నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని దూకడం, పైకి వచ్చాక చెవి నిండా నీళ్లు పోసుకోవడం, తల ఆ పక్కకు వంచి ఒంటికాలి మీద గెంతడం. లోపలి నీళ్లు వెచ్చగా బయటికి జారేవి. ఆరోగ్యమైన చెవికి దానివల్ల పెద్ద నష్టమేమీ లేదు. నా ఎడమ చెవి అప్పటికే ఆరోగ్యంగా లేదన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు.

నాకు తొమ్మిదేళ్లు. ఆ చలికాలం చివర పదిరోజుల పాటు జలుబు చేసింది. ఒక సాయంత్రం ఎడమ చెవిలో పోటు మొదలై, మరునాటికి పచ్చటి చీము కారింది. చీము రాగానే పోటు తగ్గింది కనుక జబ్బు బయటికి పోయిందని అందరం సంతోషించాం. ఎండలు ముదరగానే నేను బావికి పోయాను. చెవి మళ్లీ కారడం మొదలైంది, ఈసారి నొప్పి లేకుండా, వాసనతో.

మా బాపు తన తల్లిని అవ్వ అనేవాడు. మేమూ అదే పిలుపు నేర్చుకున్నాం. ఇంట్లో పిల్లల వైద్యమంతా ఆమెదే. నువ్వుల నూనెలో వెల్లుల్లి వేసి కాచి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకొని వేడి చూసి, పొద్దునా సాయంత్రం నా చెవిలో పోసేది. ఆపైన దూది గట్టిగా కుక్కేది. మూడు వారాలు గడిచాయి. బడిలో పంతులుగారు ఎడమవైపు నుంచి పిలిస్తే నేను పలకలేదు. పొగరనుకొని రెండుసార్లు బెత్తం తీశారు. అది విన్న బాపు మరునాడే కామారెడ్డి దవాఖానాకు బండి కట్టాలన్నాడు.

“ఇంకో వారం పోస్తే అదే పోతది,” అంది అవ్వ.

“మూడు వారాల సంది గదే చెప్తున్నవు. వానికి వినబడుతలేదవ్వా.”

“అయితే నేను గూడ వస్త. వాండ్లు పోరని చెవుల ఏం పోస్తరో సూడాలె గద.”

కోడికూతకు బయలుదేరి, మధ్యాహ్నానికి ముందే కామారెడ్డి దవాఖానా చేరాం. డాక్టరు నడివయసు మనిషి. నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, నుదుటికి కట్టుకున్న గుండ్రటి అద్దంతో ఎండను నా చెవిలోకి మళ్లించారు. చెవిడొప్పను పైకీ వెనక్కీ లాగి, వేలికొనంత లోహపు గరాటు పెట్టి చాలాసేపు చూశారు. తరువాత చెవి వెనుక ఎముకను బొటనవేలితో నొక్కి, నొప్పి ఉందా అని అడిగారు. లేదన్నాను. ఆయన ముఖం తేటపడింది. అందుకు కారణం నాకు పెద్దయ్యాక తెలిసింది. చీము ఆ ఎముకలోకి పాకితే, నేటి మందులు లేని ఆ రోజుల్లో, ఎముకను ఉలితో తెరవడం తప్ప దారి లేదు. ప్రాణానికీ పూచీ ఉండేది కాదు.

“నూనె ఎవరు పోసిన్రు?” అని అడిగారు.

“నేనే పోసిన. మా అవ్వ నాకు పోసింది, నేను వీని బాపుకు పోసిన. ఎవల చెవులు పోలే.”

“నిజమే. మీ చెవులల్ల తూటు లేకుండె. వీని చెవిల లోపటి పొరకు తూటు పడ్డది.”

“నువ్వు చూసినవు సాబ్. నేను చూడలే గద.”

ఆయన వాదించలేదు. దూదిలోంచి వెంట్రుకంత సన్నని పోగు తీసి అవ్వ చేతికిచ్చి, నా చెవి ముందు కదలకుండా పట్టుకోమన్నారు. నన్ను ముక్కూ నోరూ మూసుకొని మెల్లగా ఊదమన్నారు. నా చెవిలోంచి సన్నగా గాలి చప్పుడైంది. పోగు అవతలికి వంగింది.

“ఇంకోపారి ఊదు బిడ్డా,” అంది అవ్వ.

డాక్టరు ఒప్పుకోలేదు. అలా ఊదితే చీము ఇంకా లోపలికి పోవచ్చు కనుక ఒక్కసారే చాలన్నారు. ముక్కు వెనుక నుంచి చెవికి సన్నని దారి ఉంటుందని, జలుబు ఆ దారినే ఎక్కి చీమై, పొరను చీల్చుకొని వచ్చిందని వివరించారు. ముక్కులో గాలి చెవిలోంచి బయటికి వచ్చిందంటే, బయట పోసినది లోపలికి పోయినట్టే.

అవ్వ చేతిలోని పోగును కింద పెట్టింది. “గట్లయితే నేను పోసిందంత లోపటికే పోయిందా?”

“పోయింది. గని చీము మొదలు జలుబుతోటి వచ్చింది, నీతోటి రాలే.”

“నా చేతులిరిగిపోను. ఇంక వాని తలకాయ ముట్ట.”

“ముట్టకుంటే ఎట్లవ్వా? మీ కొడుకు చేతులు చూడు, మోకు లాగి మొద్దువారినై. ఈ పని నువ్వే చెయ్యాలె.”

ఆమెను పక్కన కూర్చోబెట్టి పని నేర్పారు. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుల్ల మొన దాటి వచ్చేట్టు శుభ్రమైన దూది చుట్టాలి. కనబడే చీమునే మెల్లగా అద్ది తీయాలి, లోతుకు పోకూడదు. దూది పొడిగా వచ్చేదాకా, రోజుకు నాలుగుసార్లు. చివర కాగితపు గొట్టంతో చిటికెడు బోరిక్ పొడి చెవిలోకి ఊదాలి. నూనె వద్దు, దూది కుక్కవద్దు, బావి ముచ్చటే వద్దు. చెవి వెనుక వాచినా, జ్వరం, వాంతులు వచ్చినా, మూతి పక్కకు పోయినా ఆ రోజే బండి కట్టాలి. అవ్వ ఒక్కొక్కటీ వేళ్ల మీద అప్పజెప్పింది. మధ్యలో ఒకటి తప్పితే మొదటినుంచి చెప్పించారు ఆయన.

ఆరు వారాలకు చెవి ఎండింది. ఆ తర్వాత రెండుసార్లు చూపించాం. మూడో రాకలో అద్దంతో చూసి, పొర మూసుకుందని చెప్పారు. వినికిడి పూర్తిగా రాలేదు. ఆయన చేతి గడియారం చప్పుడు కుడి చెవికి మూరెడు దూరం నుంచి వినిపిస్తే, ఎడమకు జానెడు దూరానికి తేవాల్సి వచ్చింది. బడికి అది సరిపోయింది. తరువాత చదువుకూ, కాలువల మీద ఇంజనీరుగా నా ఉద్యోగానికీ సరిపోయింది.

ఆ రోజు ఆయన అవ్వను కసిరి పంపి ఉంటే నా చెవి ఎండేది కాదనే అనుకుంటాను. ఎండాకాలపు పనుల నడుమ, రోజుకు నాలుగుసార్లు, ఒక్కపూట తప్పకుండా చెవి అద్దగల ఓపిక మా ఇంట్లో మరొకరికి లేదు. నా కింద పనిచేసినవారి వల్ల కట్టలు తెగిన సందర్భాలున్నాయి, తూములు చెడిన సందర్భాలున్నాయి. నివేదిక రాయడానికి ముందు ప్రతిసారీ ఆ మనిషిని గట్టు మీదికి తీసుకుపోయి, చెడిన చోటును అతని కళ్లతోనే చూడనిచ్చేవాణ్ని. ఆపైన మరమ్మతు అతనికే అప్పగించేవాణ్ని. వాళ్లలో ఎక్కువమంది ఆ చోటును నాకంటే శ్రద్ధగా కాపాడారు.