ఆత్రేయపురం దారిలో పద్దెనిమిది వేల భయం

మా ఆడపడుచు సీమంతానికి పూతరేకులు ఆత్రేయపురం నుంచే రావాలని అత్తగారు పట్టుబట్టారు. మావారికి సెలవు దొరకలేదు. ధైర్యం చేసి, నేను నడుపుతానన్నాను. "దారిలో ఏదైనా అయితే ఇక కారు ఊరు దాటించేది లేదు మరి" అన్నారాయన. నవ్వుతూనే అన్నారు గానీ, నాకది పరీక్షలాగే అనిపించింది. ఉదయం ఏడింటికి అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని కాకినాడలో బయల్దేరాను. రామచంద్రపురం, మండపేట, రావులపాలెం మీదుగా రెండు గంటల పైన పడుతుంది.

రామచంద్రపురంలో ట్రాక్టర్ల వెనక ఇరుక్కున్నప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. పక్కనే ఉన్న షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి చూశాడు. "హెడ్ గ్యాస్కెట్ పోయిందండి. ఇంజను విప్పాలండి. పద్దెనిమిది వేలవుద్దండి" అన్నాడు. అంత మర్యాదగా చెప్పేసరికి అనుమానపడటానికి కూడా మొహమాటమేసింది. ఆలోచించుకుంటామని చెప్పి, ఇంజను చల్లారాక ఏసీ ఆపి మెల్లగా కదిలాను. చిత్రంగా, బండి నడుస్తుంటే ముల్లు దిగిపోయింది. అయినా మండపేట దాకా దారిలో వరిచేలు చూసిన గుర్తే లేదు నాకు.

మండపేటలో రెండో షెడ్డు ముందు ఆపాను. అక్కడి మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చేలోపే అత్తగారు అద్దం దించేశారు.

"చూడండి బాబూ, రామచంద్రపురంలో ఏదో గ్యాస్కెట్ పోయిందని పద్దెనిమిది వేలన్నారు. మీరెంతకి చేస్తారండి?"

"అయ్యో, అంతెందుకండీ! పదహారున్నరకి చేసి పెడతానండి."

అత్తగారి ముఖం వెలిగిపోయింది. "చూశావా, పదిహేను వందలు మిగిలాయి!" నాకు ఒళ్ళు మండింది. ఆయన బానెట్ ఎత్తనే లేదు. మేం చెప్పిన అంకెలోంచి కొంత తగ్గించాడంతే.

"ఇంకోచోట చూద్దాం అత్తయ్యా. ఈసారి మీరు మాట్లాడకండి, మీకు దండం పెడతాను" అన్నాను. ఆవిడ మూతి ముడుచుకున్నారు. ఊరి చివర షెడ్డులో నేను ధర ఎత్తలేదు, గ్యాస్కెట్ పేరూ ఎత్తలేదు. "ఆగితే వేడెక్కుతోందండి, నడిస్తే తగ్గుతోంది" అన్నానంతే. ఆ మెకానిక్ ఇంజను స్టార్ట్ చేయించి, ఏసీ వేయించి, ముందు వైపు తొంగిచూశాడు. "రేడియేటర్ ఫ్యాన్ తిరగట్లేదండి. మోటారు పోయింది." నేనూ దిగి చూశాను. నిజంగానే కదలట్లేదు. కొత్త మోటారు తెప్పించి వేయడానికి గంటన్నర పట్టింది, మూడు వేల రెండు వందలు తీసుకున్నాడు. డబ్బిచ్చే ముందు బండిని చాలాసేపు ఆన్‌లోనే నిలబెట్టించాను. ముల్లు సగం దాటలేదు.

బండి అలా నిలబడి ఉండగానే, రామచంద్రపురంలో నేను పెట్టిన మెసేజ్ చూసుకుని మావారు ఫోన్ చేశారు. "కారు అక్కడే వదిలేసి బస్సెక్కండి. ఆదివారం నేనొచ్చి తెస్తాను." నాకు ఏడుపొచ్చినంత పనైంది. అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "బస్సెందుకురా? బండి బాగైంది. మేం పూతరేకులు కొనుక్కునే వస్తాం, పెట్టేయ్."

మధ్యాహ్నానికి ఆత్రేయపురం చేరాం. తిరుగుదారిలో బండి ఆగిన ప్రతిసారీ ఇద్దరం ఊపిరి బిగబట్టి ముల్లువైపే చూశాం.

మొదటాయన మోసం చేయబోయాడో, పొరబడ్డాడో నాకిప్పటికీ తెలియదు. అడిగిన డబ్బు న్యాయమా కాదా అని కొట్టుకున్నాను గానీ, అసలు చెప్పిన జబ్బు నిజమా అని ముందు అనుకోలేదు. మీకూ ఇలా జరిగితే, రెండో మెకానిక్‌కి బండి ఎలా ఇబ్బంది పెడుతోందో మాత్రమే చెప్పండి. మొదటివాళ్ళ ధర, పార్టు పేరు చెప్పొద్దు. నాకైతే స్టీరింగ్ పట్టుకుంటే ఇంకా బెదురే. అయినా వచ్చే నెల అంతర్వేదికి నేనే నడపాలట. కొడుకుని అడగకుండానే అత్తగారు ముహూర్తం పెట్టేశారు.