అద్దంతో బాన్సువాడ బస్సు

ఎనభైల మొదట్లో బాన్సువాడలో టీచరుగా చేరాను. హైదరాబాద్‌లో పెరిగినదాన్ని, ఒంటరిగా ఉండటం అదే మొదలు. ఒకరోజు చీర వెనకవైపు పైకి లేచి ఉందని క్లాసులో పిల్లలు నవ్వేదాకా నాకు తెలియలేదు. గదిలో అరచేతంత అద్దం. చూసి చెప్పే మనిషి లేదు. వచ్చిన మొదటి సెలవురోజే నిలువుటద్దం కోసం నిజామాబాద్ వెళ్లాను.

అక్కడి పెద్ద దుకాణం మూడంతస్తులు. అద్దానికి గోనెసంచి చుట్టించి గుమాస్తా అడిగాడు. "బండి యాడ వెట్టిన్రమ్మా?"

"బండి లేదు. బస్సులో పోతాను."

"బస్సుల గీ అద్దమా! ఊర్లనే అయితే మేమే పంపుతుంటిమి. బాన్సువాడ అంటే ఇగ మీ ఫికరే."

"కార్లున్నవాళ్లే రావాలని బోర్డు మీద రాసుకోండి!" అని అరిచాను. అతను పక్కవాణ్ని చూసి నవ్వాడు.

రిక్షాలో అద్దాన్ని పట్టుకుని బస్టాండు చేరాను. బస్సు ఆగకముందే అందరూ కిటికీల్లోంచి తువ్వాళ్లు వేసి సీట్లు పట్టుకుంటున్నారు. నేనూ ఒక సీటులో రుమాలు, ఇంకో సీటులో సంచి విసిరాను. ఒకటి నాకు, ఒకటి అద్దానికి.

చేతిలో మూటతో ఒక ముసలావిడ నిలబడి ఉంది. కండక్టరు నా సంచి ఎత్తాడు.

"ఆ సీటు నాది!"

"అద్దం నిలవడ్తదమ్మా. అవ్వ నిలవడలేదు."

బస్సంతా నవ్వింది. అవ్వ కూర్చుని, అద్దాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా నాకంటే ముందు ఆమె చేతులే బిగుసుకునేవి.

"ఇంట్ల ఎవరెవరుంటరు బిడ్డా?"

ఒక్కదాన్నే అంటే వెనక ఎన్ని ప్రశ్నలొస్తాయో నాకు తెలుసు. "అమ్మ, ఇద్దరు తమ్ముళ్లు" అన్నాను.

బాన్సువాడలో ఆమె అల్లుడు ఎడ్లబండితో సిద్ధంగా ఉన్నాడు. "బండిల ఏసుకపోదమా, మీవోళ్లొస్తరా?" అంది అవ్వ.

"తమ్ముళ్లు వస్తారు."

"మంచిగైంది. అద్దం పైలం బిడ్డా."

బండి కదిలాక కూడా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. అందుకని ఎవరో వస్తున్నట్టు నేనూ దారివైపు చూస్తూ నిలబడ్డాను. బండి మలుపు తిరిగింది. హోటల్ దగ్గర ఒకాయన "ఎవరన్న వస్తుండ్రా అక్కా?" అని అడిగితే, "వస్తున్నారు" అని ఆయనకీ చెప్పాను.

ఆయన లోపలికి పోయాక అద్దం ఎత్తుకున్నాను. పదడుగులు నడవడం, దించడం, మళ్లీ ఎత్తడం. అలా గది దాకా తెచ్చాను, ఎక్కడా తగలకుండా. తాళం తియ్యాలంటే రెండు చేతులూ కావాలి. ఒక్క నిమిషమే కదా అని గోడకు ఆనించాను.

తాళంచెవి తిప్పుతుండగా వెనక అది జారింది. గోనె విప్పకుండానే తెలిసిపోయింది.