పెన్సిల్ గీతలున్న చెక్క

మాదాపూర్‌లో కొత్తగా లేస్తున్న కంప్యూటర్ ఆఫీసులకు మా వర్క్‌షాపులో బల్లలు చేస్తున్నాం. చెక్కను నునుపు చేసే డ్రమ్ శాండర్ ఈ రోజు ఒక పక్కే అరగదీసింది. అలాంటప్పుడు చెక్క నిండా పెన్సిల్ గీతలు గీసి మెషిన్లోకి పంపుతాం. గీతలు చెరగని వైపు డ్రమ్ ఎత్తుగా ఉన్నట్టు. మూలనున్న చెక్క మీద గీతలు ముందే ఉన్నాయని, సరిగా చూడకుండా అదే పెట్టేశాను.

బయటికొచ్చిన చెక్కను చూసి తోటి వడ్రంగి యాదగిరి మెల్లగా అన్నాడు. "గిది మీ అన్న రాత గదనే."

పోయిన నెల చనిపోయిన మా అన్న, పుట్టబోయే నా బిడ్డకు చేస్తానన్న ఉయ్యాల కొలతలవి. వెడల్పు చెరిగిపోయింది. కుడివైపున పొడవు మిగిలింది.

మెషిన్ బాగుండి ఉంటే అదీ మిగిలేది కాదు. రెండు బోల్టులు తిప్పితే డ్రమ్ సరవుతుంది. సాయంత్రం దాకా పానా పట్టుకుని కూర్చున్నాను. మీరైతే తిప్పేవారా?