పాడె మీద మునస్వామి గురక

మునస్వామి తాగి పాడె మీద పడుకున్నాడని మా వీధి అంతా చెప్పుకుంటోంది. కుళాయి దగ్గర అదే మాట, పాల బూతు దగ్గర అదే మాట. నిన్న ఇడ్లీ కొట్టు వసంతమ్మ చట్నీ వేస్తూ నాకే చెప్పింది. మునస్వామి ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ఆ ఇంట్లో పోపు మాడితే ముందు దగ్గేది నేను. అలాంటిది నాకు తెలియని సంగతి వసంతమ్మకు తెలిసిందంటే నమ్మడం కష్టంగా ఉంది. అందుకే తిరిగి, అడిగి, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మునస్వామిది వెదురు పని. నిచ్చెనలు, తడికెలు, పెళ్ళి పందిళ్ళు, పాడెలు. పందిళ్ళకు ఇప్పుడు ఇనుప గొట్టాలు వచ్చేశాయి, నిచ్చెనలు అల్యూమినియంవి కొంటున్నారు. వాడికి మిగిలింది పాడెలే. తిరుపతిలో మా చుట్టుపక్కల పేటల్లో ఎవరు పోయినా కబురు ముందు వాడికే వస్తుంది. చావుకు వేళ లేదు కాబట్టి వాడి తలుపుకూ వేళ లేదు. అన్నంలో చెయ్యి పెట్టినవాడు పెట్టినట్టే లేచిపోవడం ఎన్నిసార్లు చూశానో. ఈమధ్య నడుస్తుంటే కాళ్ళు ఈడుస్తున్నాడు.

ఒకప్పుడు తాగేవాడు, అది నిజమే. చావింట్లో పనిచేసేవాళ్ళకు ఎవరో ఒకరు పోయిస్తూనే ఉంటారు. చూసి చూసి భార్య మునిరత్నమ్మ వాణ్ణి కాణిపాకం తీసుకుపోయింది. కోనేట్లో ముంచి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబెట్టి, ఇంక ముట్టనని ప్రమాణం చేయించింది. కాణిపాకం ప్రమాణమంటే ఏమిటో, అక్కడ అబద్ధమాడితే ఏమవుతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కరలేదు. పంచాయతీలో గొంతు చించుకునేవాడు కూడా కాణిపాకం వచ్చి చెప్పమంటే గొంతు తగ్గిస్తాడు. ఆ రోజు నుంచి మునస్వామి చావు ఇళ్ళలో టీ ఇప్పించమని అడుగుతున్నాడు.

ఇక టీవీ సంగతి. రేణిగుంట దగ్గర ఒక పాత పెద్దింట్లో హత్యల సీరియల్ ఒకటి తీశారు. అందులో చావులూ ఉంటాయి, నవ్వూ ఉంటుంది. దేనికి ఏడవాలో దేనికి నవ్వాలో తెలియక చూసేవాళ్ళం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. నేను చెప్పే ఎపిసోడ్‌లో ముగ్గురు కొడుకులు పాయసంలో విషం కలిపి తండ్రిని చంపుతారు. పోలీసులు వచ్చేలోపల కాల్చేయాలని శవాన్ని హడావిడిగా మోసుకుపోతారు. ఆ పాడె కట్టడానికి మునస్వామిని పిలిపించారు. పాడె వెనకవైపు పట్టడానికి మనిషి కావాలంటే మా వీధి గిరిని వెంటబెట్టుకుపోయాడు.

అక్కడ జరిగింది గిరి నోటితోనే విన్నాను.

"తండ్రి ఏషం కట్టినాయన పాడెను సూసి జడుసుకున్నాడు పెద్దమ్మా. ఇది నిజం పాడె మాదిరి ఉండాదే అన్నాడు. నిజం పాడే సామీ, అబద్ధం పాడె కట్టేది నాకు రాదు అన్నాడు మునస్వామి మామ. అంతే, ఆయన మళ్ళీ దాని దగ్గరికి రాలే."

మొహం మీద గుడ్డ కప్పేదే కదా, ఇంకెవరైనా పడుకోండని అక్కడి మేనేజరు హరినాథ్ అడిగాడట. ఒక్కరూ కదల్లేదు. సరే, పాడె విప్పేయమన్నాడు. పాడె కట్టేవాళ్ళకు ఒక పట్టింపు ఉంది. కట్టిన పాడెను ఎవరినీ మోయకుండా విప్పకూడదు, విప్పితే కట్టినవాడి ఇంటికి కీడు. మునస్వామి కాసేపు నిలబడి చూశాడట. తర్వాత కండువా దులిపి, తనే ఎక్కి పడుకున్నాడు.

మిగతాది అందరం మా ఇంట్లో కూర్చుని టీవీలో చూశాం. దారిలో ఇన్‌స్పెక్టరు పాడెను ఆపుతాడు. కొడుకులు ఏడుపు ఆపి బిక్కమొహాలు వేస్తారు. ఆ నిశ్శబ్దంలో శవం గురక పెట్టింది. చిన్న గురక కాదు. గోడ ఇవతల నుంచి నేను రోజూ వినే గురకే.

ఇన్‌స్పెక్టరు, "ఏందప్పా ఆ శబ్దం?" అన్నాడు.

పెద్దకొడుకు వేషగాడు కూడా గట్టివాడే. "మా నాయనే సార్. బతికినన్ని దినాలూ అంతే. అలవాటు యాడ పోతాది" అని మళ్ళీ ఏడుపు అందుకున్నాడు. పాడెను దబ్బుమని దించారు. గురక ఆగలేదు. బాగుందని దాన్ని అట్లాగే ఉంచేసినట్టున్నారు.

మా ఇంట్లో అందరూ కడుపు పట్టుకుని నవ్వారు. మునిరత్నమ్మ మాత్రం చెంగు సర్దుకుని లేచి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది. తాగి పడిపోయాడని ఒకరు, శవానికి కప్పిన గుడ్డ కూడా వాసన కొట్టిందని ఇంకొకరు. చెప్పినవాళ్ళనల్లా నీకెవరు చెప్పారని అడుగుతూ పోతే, తిరిగి తిరిగి గిరి దగ్గరే తేలాను.

"నువ్వు వాసన సూసినావంట్రా?" అన్నాను.

"వాసన అని నేను యాడన్నాను పెద్దమ్మా? దించినా లేయలేదు, మొహాన నీళ్ళు కొడితే లేచినాడు అన్నాను. అంతే."

"యాడన్నావు ఆ మాట?"

"ఇడ్లీ కొట్టు కాడ" అన్నాడు. ఇంక నేను అడగవలసింది ఏమీ లేకపోయింది.

కానీ గిరి మాట చెప్పినా మునిరత్నమ్మకు సరిపోలేదు. నేను పోయేసరికి చీరలు మడతపెట్టి సంచిలో కుక్కుతోంది. పలమనేరులో అక్క దగ్గరికి పోతుందట. మళ్ళీ రాదట.

"మొగుణ్ణి ఒక మాట అడగొచ్చు గదమ్మే" అన్నాను.

"అడిగితే అవునంటాడేమో వదినా. ఆ దినం కాణిపాకంలో నేను గూడా తడిబట్టల్తో పక్కనే నిలబడినాను. అది ఆయనొక్కడి ప్రమాణమా?"

"తాగినాడని నీకు తెలుసునా?"

"మళ్ళీ కాణిపాకం పోదాం రా, ఆ దినం తాగలేదని సామి ముందర చెప్పు, నమ్ముతాను అన్నాను. రానన్నాడు. తాగనోడు ఎందుకు రాడు, నువ్వే చెప్పు."

ఆమె సంచి తీసుకుని వచ్చి గడప మీద కూర్చుంది. ఆటోకు చెప్పి ఉన్నట్టుంది, వీధి చివరకే చూస్తోంది. ఇంటి పక్క రేకుల కింద మునస్వామి వెదురు చీలుస్తున్నాడు. భార్య సంచి కనబడుతూనే ఉంది, చెయ్యి ఆగలేదు. గడప నుంచి రేకుల షెడ్డుకు పట్టుమని పది అడుగులు ఉండవు. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి వినిపించేంత దగ్గరలోనే ఉన్నారు.

నేను పోయి వాడి ఎదురుగా ముక్కాలిపీట వేసుకున్నాను.

"ఏమప్పా, కాణిపాకం పోనన్నావంట. ఎందుకు?"

"ఒకసారి చేసినాను గదక్కా. మళ్ళీ చేస్తే ఆ మొదటిది ఏమైనట్టు?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపం తెచ్చుకునే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. కళ్ళ కింద నలుపు, చేతులకు వెదురు పేళ్ళు గీసుకున్న గాట్లు.

వీధి మలుపులో ఆటో హారను వినిపించింది. మునిరత్నమ్మ లేచి నిలబడింది, కానీ గడప దిగలేదు.

నేను గొంతు కొంచెం పెంచి, గడప దాకా వినబడేట్టు అడిగాను. "మునస్వామీ, ఆ పొద్దు నువ్వు తాగినావా?"

వాడు కత్తి పక్కన పెట్టాడు. నా మొహంలోకి చూశాడు, తర్వాత గడప వైపు చూశాడు.

"ఇన్నాళ్ళకు ఆ మాట అడిగే మనిషి వచ్చినారు. తాగలేదక్కా. నిద్రపోయినాను. ఎప్పుడు పనుకున్నా ఎవురో ఒకరు వచ్చి, లెయ్ మునస్వామీ, ఫలానా ఆయన సచ్చిపోయినాడు అంటారు. ఆడ సచ్చిపోయినోణ్ణి నేనే గదా. ఇంక నన్ను లేపేదానికి ఎవురొస్తారు అనుకున్నాను."