సోమమ్మ ఇంటి నక్షా

సూర్యాపేటల సగం మంది ఇండ్లకు మట్టిగోడలు పెట్టింది సోమమ్మే. ఇరవై ఏండ్ల చాకిరి! తన ఇల్లు మాత్రం తలకాయల కట్టుకుంట వచ్చింది. పోలీసు యాక్షనైన మరుసటేడు ఎండాకాలం, మోతె బాట పక్కన ఇంత జాగ కొన్నది. ఇగ కచ్చేరిల ఇంటి నక్షా చూపి, కట్టుకునేటందుకు ఇజాజత్ తెచ్చుకోవాలె. అదిగూడ మిరుగం కార్తె లోపట్నే. వానలు పడితే మట్టిగోడ నిలవదు.

ఇజాజత్ ఇచ్చే గుమాస్తా వెంకటనర్సయ్య సగం విననే లేదు, నవ్విండు.

"వంటిల్లు బాట దిక్కా? ఎక్కడన్న ఉన్నదా? పో, ఎవరితోనన్న అందరి లెక్క నక్షా గీయించుక రా."

సోమమ్మకు ఒళ్ళు మండింది. ఇంటి వెనుక వంటింట్ల పొగకు కండ్లు పోగొట్టుకున్నది ఆమె తల్లి. కండ్లు కనపడినన్నాళ్ళు పొయ్యి కాడ కూసొని గోడనే చూసింది. పొయ్యి ముందట బాట దిక్కు ఒక కిటికీ కోసమే గదా ఇన్ని మట్టి తట్టలు మోసింది! అందరి లెక్క కట్టుకునేటందుకు గాదు.

రెండుసార్లు తిప్పి పంపిండు. మూడోసారి కదలకుంట నిలవడ్డది.

"నాకు కాయిదం మీద గీయరాదు సారూ. జాగ కాడికొస్తే చూపిస్త."

ఆమె పోరు పడలేక మర్నాడొచ్చిండు. జాగంత తెల్లగ ముగ్గు పోసి ఉన్నది. గోడ మందానికి రెండు గీతలు, దర్వాజకు సందు. ఆయన చెమట తుడుసుకుంట అడ్డంగ నడిచిండు.

"అయ్యయ్యో! గోడలకెల్లి వస్తరా సారూ ఎవరన్న? దర్వాజ గాడున్నది!"

నవ్వబోయిండు. ఆమె మొఖం చూసి వెనక్కి పోయి, చుట్టు తిరిగొచ్చి, దర్వాజ కాడ చెప్పులు ఇడిసిండు. గంత ఎండల, కాలే మట్టి మీద!

"గీడ పొయ్యి. జర కూసొని చూడుండ్రి."

కూసున్నడు. ఎదురుంగ కిటికీ సందుల బాట. ఎడ్లబండి మీద పోతున్న ముసలామె సోమమ్మను చూసి చెయ్యూపింది. గాలి మొఖానికి తగిలింది.

"మా ఇంట్ల ఆడోళ్ళకు గిట్ల లేదు" అన్నడు మెల్లగ.

సంచిలకెల్లి కాయిదం తీసి, "కొలతలు చెప్పు, నేనే గీస్త. ఇజాజత్ రేపే ఇస్త" అన్నడు. ఆమె మూరల లెక్కన గడగడ చెప్పింది. గీసుడైనంక ఆయన కాయిదం అడుగున కలం ఆపిండు.

"నక్షా చేసినోళ్ళ పేరు రాయాలె. ఎవరిది?"

ఇరవై ఏండ్లల ఏ గోడకూ ఆమె పేరు అడిగినోళ్ళు లేరు. సోమమ్మ కొంగు సర్దుకున్నది.

"సోమమ్మ అని రాయుండ్రి సారూ. జర పెద్దగ రాయుండ్రి."