వాపు తగ్గింది, సీటు వదల్లేదు

కొన్నాళ్లుగా నేను బంగారుపేటలో బెంగళూరు రైలెక్కగానే కిటికీ సీటు దొరుకుతోంది. రైలు బయలుదేరే మారికుప్పంలోనే ఎక్కి సీటు పట్టే రోసమ్మక్క, నన్ను కూర్చోబెట్టి తాను నిలబడుతుంది. నడుములో డిస్కు జరిగి నా ఎడమ కాలు లాగుతోందని, రక్తపరీక్షలో వాపును చూపించే సీఆర్పీ ఎక్కువగా ఉందని పెట్టె మొత్తానికీ తెలుసు. నిలబడితే నాకు పరవాలేదని, కూర్చుంటేనే పిరుదు నుంచి మడమ దాకా మంటని మాత్రం ఎవరికీ తెలియదు.

ఈ రోజు రైల్లో ఉండగానే డాక్టరు ఫోన్ చేశారు. కొత్త రిపోర్టులో సీఆర్పీ తగ్గిందట. వాపు మాత్రలు ఆపేయమన్నారు. నరం మీద ఒత్తిడి అలాగే ఉంది కాబట్టి ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు. విడుదల దొరికిందనుకుని లేవబోయాను.

"వాపు తగ్గిండాదంట అక్కా. ఇంగ నిలబడి వస్తాను."

"కూర్చోని వచ్చినావు కాబట్టే తగ్గిండాది! లేస్తే మళ్ళా ఎక్కుతాది."

"కూర్చోవద్దని డాక్టరే చెప్పినాడక్కా."

"ఆయప్పేమన్నా ఈ రైల్లో వస్తాడా? గమ్మున కూర్చోమ్మా."

పెట్టెలో అందరూ ఆమె పక్షమే. ముగ్గురి సీట్లో నలుగురం, కాళ్ల దగ్గర బ్యాగులు, లేద్దామన్నా దారి లేదు. బెంగళూరు దాకా పంటి బిగువున కూర్చున్నాను.

దిగేటప్పుడు చూశాను. రోసమ్మక్క మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది.

"సుఖంగా వచ్చినావా?" అని అడిగింది.

"వచ్చినానక్కా" అన్నాను.

మీరైతే ఏమనేవారు?