కారని ప్లేటు

నిన్న మా పాప బడి నుంచి పేపర్ ప్లేటుతో చేసిన వసంతకాలపు పువ్వు తెచ్చింది. బాగుందని చెప్పకుండా దాన్ని తిరగేసి, అడుగున తడిమి చూశాను.

"ఏం జూస్తున్నవమ్మా?" అంది.

మా గూడూరు వైపు నా ఈడువాళ్లకు యాదికుండాలి, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో రోడ్లకు అడ్డంగా కూర్చుని వండుకు తిన్న వంటావార్పు. మా నాయనమ్మను అవ్వ అనేవాళ్లం. ఆమె మోదుగాకు విస్తర్లు కుట్టి అమ్మితేనే ఇంట్లోకి ఉప్పూ పప్పూ వచ్చేవి. ఊరంతా రోడ్డు మీద బంతులుగా కూర్చుని తింటుంటే, తనను ఒక్క కట్టయినా ఎందుకు అడగడం లేదని ఆమెకు ఒకటే అనుమానం.

ఒకరోజు నేను అక్కణ్నుంచి వాడని పేపర్ ప్లేటొకటి తెచ్చుకున్నాను. అంచును రేకులుగా కత్తిరించి, మోదుగుపూలు ఉడికించిన రంగు పూశాను.

"గిదేందే?" అంది అవ్వ.

"ప్లేటు. గిండ్లనే తింటున్నరవ్వా అందరు."

విస్తరి కుడుతున్న అవ్వ చేతిలో ఈనెపుల్ల ఆగింది. నా పువ్వును లాక్కుని వాసన చూసింది, గోటితో గీకింది.

"గిది కాయితం బిడ్డా. కారకుంట ఎట్లుంటది?"

లేచి వెళ్లి, పువ్వు నడుమ గరిటెడు పప్పుచారు పోసింది. రంగు కరిగిపోతుంటే నేను ఏడుపు లంకించుకున్నాను. అవ్వ నావైపు చూడనేలేదు. ప్లేటు కింద అరచెయ్యి పట్టి నిలబడింది.

"జర ఆగు, గిప్పుడు కారుతది."

చాలాసేపటికి మళ్లీ అంది, "గిప్పుడు."

అరచెయ్యి పొడిగానే ఉంది.